వరద రోజు లైసెన్సు దొరకదు

పోయిన సంచికలో హ్యామ్ రేడియో మీద ఒక చిన్న జవాబు రాస్తే, దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కర్నూలు, ఆదోని, నంద్యాల, అనంతపురం, కడప, రాజంపేట... మన సీమలో ఈ విషయం మీద ఇంత ఆసక్తి ఉన్నందుకు చాలా సంతోషమేసింది. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. కర్నూల్లో మిద్దె మీద తీగ కట్టుకుని ఏళ్ల తరబడి హ్యామ్‌గా మాట్లాడుతున్నవాణ్ణి. అందుకే ఈసారి కాలమ్ మొత్తం ఈ ఉత్తరాలకే.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. సొంత సెట్టుతో, సొంత యాంటెన్నాతో, ప్రభుత్వమిచ్చిన గుర్తింపు పేరు, అంటే కాల్‌సైన్ పెట్టుకుని, డబ్బు సంపాదన ఊసు లేకుండా రేడియోలో మాట్లాడుకునేవాళ్లు హ్యామ్‌లు. మధ్యలో సెల్ టవరుండదు, కంపెనీ ఉండదు, రీచార్జి ఉండదు. ఈ చివర ఒక సెట్టు, ఆ చివర ఒక సెట్టు, నడుమ ఆకాశం.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం, కామర్స్. హ్యామ్ లైసెన్సు నాలాంటివాళ్లకు వస్తుందా? ఎవరిస్తారు? ఎంతవుతుంది? (ఒక విద్యార్థి, ఆదోని)

ఎందుకు రాదు నాయనా? 12 ఏళ్లు నిండితే చాలు. డిగ్రీ ఏదని ఎవరూ అడగరు. కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం లైసెన్సిస్తుంది. అందరూ డబ్ల్యూపీసీ అంటారు. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టుకోవాలి.

గ్రేడులు రెండు: రిస్ట్రిక్టెడ్, జనరల్. రెండింటికీ రాత పరీక్షలో రెండు భాగాలుంటాయి. ఒకటి రేడియో సిద్ధాంతం, ఇంకొకటి మన దేశపు నియమాలు, అంతర్జాతీయ నియమాలు. ఒక భాగంలో బాగా రాసి రెండోది వదిలేస్తే కుదరదు, రెండింటిలోనూ విడివిడిగా గట్టెక్కాలి. జనరల్‌కు వీటి మీద మోర్స్, అంటే చుక్కలు, గీతలతో మాట పంపే సంకేత పద్ధతి, కూడా ఉంటుంది. నిమిషానికి 8 మాటల వేగంతో పంపాలి, విని రాసుకోవాలి. రిస్ట్రిక్టెడ్ వాళ్ల కాల్‌సైన్ వీయూ3తో మొదలవుతుంది, జనరల్ వాళ్లది వీయూ2తో. లైసెన్సు ఫీజు 20 ఏళ్లకు వెయ్యి రూపాయలు, జీవితకాలానికైతే 2 వేలు. దరఖాస్తు చేసే రోజున పోర్టల్‌లో ఒకసారి చూసుకో.

కామర్స్ వాడివి కాబట్టి ఓమ్ సూత్రం, కెపాసిటరు, కాయిలు, రెజొనెన్స్ అనేసరికి కొంచెం టెన్షన్ పడతావు. అవి పదో తరగతి ఫిజిక్సుకు ఒక మెట్టు పైన, అంతే. మంచి గైడొకటి తీసుకుని రోజూ గంట చదివితే సరిపోతుంది. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. పరీక్ష పాసై, పరిశీలనలన్నీ పూర్తయి, కాగితం చేతికొచ్చేసరికి నెలలు పడుతుంది. తుఫాను హెచ్చరిక విన్నాక మొదలుపెడదామంటే అయ్యే పని కాదు. ఈరోజే మొదలుపెట్టు.

ప్రశ్న: మా కాలంలో ఉన్న పాత గ్రేడ్ వన్‌కు నిమిషానికి 12 మాటల మోర్స్ పాసైతే గానీ లైసెన్సిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు మోర్స్ ఊసే లేకుండా రిస్ట్రిక్టెడ్ ఇస్తున్నారు. ప్రశ్నలు, జవాబులు బట్టీపట్టి పాసైన పిల్లలు రేపు వరదొస్తే ఏం చేస్తారు? ప్రమాణాలు ఇలా దించుకుంటూ పోతే హ్యామ్ అన్న పేరుకు విలువేముంది? (టెలికాంలో రిటైరైన ఒక పెద్దాయన, నంద్యాల)

అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బాధలో నిజముంది. అయితే నేరం మోర్స్ తీసేసినవాళ్ల మీద పెట్టారే, అక్కడ మీతో ఏకీభవించలేను.

2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు, మోర్స్ తప్పనిసరి అన్న అంతర్జాతీయ నిబంధనను తీసేసి ఏ దేశానికి ఆ దేశమే నిర్ణయించుకోమంది. అమెరికా 2007 ఫిబ్రవరిలో పూర్తిగా తీసేసింది. మన దేశం జనరల్‌కు ఉంచుకుంది. ఇదంతా మీకు తెలిసిందే. కానీ అదే సదస్సు ఇంకో వాక్యం కూడా రేడియో నిబంధనల్లో చేర్చింది. విపత్తు సహాయానికి కావలసిన సమాచార అవసరాలు తీర్చేందుకు హ్యామ్‌లు ముందే సిద్ధపడేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని. మొదటి నిర్ణయం గురించి ఇరవై ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నాం. రెండోదాన్ని మనలో ఎవరూ పట్టించుకోలేదు. నా బాధ అది.

12 మాటల మోర్స్ పాసైన ఘనులు నాకూ తెలుసు. వాళ్లలో కొందరు ఒక మెసేజ్‌ను పొల్లుపోకుండా చేరవేయలేరు. ఎందుకంటే ఎప్పుడూ చేరవేయలేదు. నిన్నగాక మొన్న వీయూ3 వచ్చిన ఆడపిల్లను ఒక డ్రిల్లులో చూశాను. పెన్నూ కాగితం ముందు పెట్టుకుని, తొందరపడకుండా, వినిపించని మాటను మళ్లీ అడిగి, చివర మొత్తం చదివి వినిపించి "కరెక్టేనా" అని అడిగింది. వరద రాత్రి నాకు ఆ అమ్మాయి కావాలి. డ్రైవింగ్ లైసెన్సున్నవాళ్లందరూ ఆత్మకూరు, దోర్నాల ఘాట్లో వానపడే రాత్రి బస్సు నడపగలరా? లైసెన్సు రోడ్డెక్కనిస్తుంది, ఘాట్‌లో చెయ్యి తిరగాలంటే ఘాట్‌లోనే నడపాలి.

ఆ డ్రిల్లు సంగతే కొంచెం వివరంగా చెప్తాను. మన భాషలో మెసేజ్ పంపేటప్పుడు ఎక్కడ తప్పు జరుగుతుందో ఏ గైడులోనూ ఉండదు. ఒక స్టేషను నుంచి వెళ్లిన మెసేజ్: "స్కూలు శిబిరంలో ఇరవై మంది." రెండు చేతులు మారి మూడో స్టేషనుకు చేరేసరికి "అరవై మంది" అయి కూర్చుంది. హోరులో ఇరవై, అరవై ఒకేలా వినిపిస్తాయి. పదిహేను, పదిహేడు కూడా అంతే. అన్నం పొట్లాలు ఎక్కువొస్తే నష్టం లేదు. పడవలో అరవై మందికి చోటు చూసుకుని వెళ్తే ఇంకో మిద్దె మీద ఎదురుచూస్తున్నవాళ్లకు ఆ పడవ అందదు. అందుకే అంకెను ఒకసారి మాటగా, ఒకసారి విడివిడిగా చెప్పాలి: "ఇరవై. రెండు, సున్నా." ఇది చేతిలోకి రావడానికి మోర్స్ అక్కర్లేదు, అలవాటు కావాలి.

ఊరి పేర్లతో ఇంకో చిక్కు. గూడూరు అంటే మన కర్నూలు గూడూరా, నెల్లూరు దారిలో ఉన్న గూడూరా? కొత్తపల్లెలు ఎన్నున్నాయో లెక్కే లేదు. ఊరు, మండలం, జిల్లా మూడూ చెప్పాల్సిందే. చెప్పేవాడికి తన ఊరు తెలిసినా, రాసుకునేవాడు ఎక్కడ కూర్చున్నాడో ఎవరికి తెలుసు?

మెసేజ్ రూపం ఎలా ఉండాలో కూడా రాస్తాను, మీ దగ్గరికొచ్చే కుర్రాళ్లకు నేర్పండి. మొదట మెసేజ్ నంబరు. తర్వాత అది ప్రాణాపాయమా, తొందరదా, మామూలుదా. సమయం, 24 గంటల లెక్కలో. ఎవరి నుంచి, ఎవరికి. తర్వాత విషయం: "గూడూరు, గూడూరు మండలం, కర్నూలు జిల్లా. హైస్కూలు మిద్దె. మనుషులు ఇరవై, రెండు సున్నా. పసిపిల్లలు నలుగురు, అంకె నాలుగు. ఇన్సులిన్ వాడేవాళ్లు ఇద్దరు, అంకె రెండు. తాగునీళ్లు సాయంత్రం దాకా. పడవ వెనక గోడవైపు రావాలి." చివర సంతకం, అంటే ఎవరు రాయించారో వాళ్ల పేరు, హోదా. చెప్పేవాడు అవతలివాడి పెన్ను నడిచే వేగంతో చెప్పాలి, తన నోరు నడిచే వేగంతో కాదు. అవతలివాడు మొత్తం తిరిగి చదివాకే అందినట్టు లెక్క. "అయ్యో పాపం, ఇక్కడ పరిస్థితి ఘోరంగా ఉంది సార్" లాంటి మాటలతో ఫ్రీక్వెన్సీ నింపేస్తే ఇంకొకడి ప్రాణాపాయం మెసేజ్ క్యూలో ఆగిపోతుంది.

కాబట్టి పెద్దాయనా, పరీక్ష కష్టం చేయమని నేనడగను. సిద్ధాంతం, నియమాలు ఇప్పుడున్నట్టే ఉండనివ్వండి, బట్టీకి లొంగని ప్రశ్నలు కొన్ని పెట్టమనండి. నేను అడిగేది ఇంకొకటి. లైసెన్సు వచ్చిన ప్రతివాడితోనూ ఏటా ఒకసారైనా కరెంటు తీసేసి, బ్యాటరీ మీద, ముక్కూమొహం తెలియనివాడి చేత మెసేజ్ పంపించి, అందుకోమనాలి. పాతవాళ్లూ, మీరూ నేనూ కూడా అందులో కూర్చోవాలి. మోర్స్‌లో మీకున్న చెవి వృథా కాదు. హోరు మధ్యలో సన్నగా వినిపించే సిగ్నల్ ఏరుకోవడం మీకొచ్చినట్టు కొత్తవాళ్లకు రాదు. తక్కువ పవరుతో మాట అందనిచోట మోర్స్ అందుతుందన్నదీ నిజం. ఆ విద్య నేర్పండి, మీ దగ్గర నేర్చుకునేవాళ్లు ఉన్నారు. దాన్ని గుమ్మానికి అడ్డం మాత్రం పెట్టొద్దు.

ఇంకో సంగతి. 2004 డిసెంబరులో భారతి ప్రసాద్ గారనే హ్యామ్, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున పోర్ట్‌బ్లెయిర్ వెళ్లారు. అండమాన్ నుంచి అప్పటికి చాలా ఏళ్లుగా హ్యామ్ కాల్ వినపడలేదు, అందుకని ప్రపంచమంతా ఆవిడ వీయూ4ఆర్‌బీఐ కాల్ కోసం ఎగబడింది. వేల కాంటాక్టులు చేశారు. 26వ తేదీ సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. ఆవిడ అదే సెట్టు, అదే యాంటెన్నాతో ఆ క్షణం నుంచి విపత్తు సమాచారానికి మళ్లారు. అప్పటికి మూడు వారాలుగా రోజూ గంటల తరబడి కాల్స్ వింటూ, రాసుకుంటూ ఉన్న చెయ్యి అది. ఆ రోజు కొత్తగా సిద్ధపడవలసిన పని ఆవిడకు లేకపోయింది.

ప్రశ్న: 2009 వరదప్పుడు మాది పాతబస్తీలో ఇల్లు. మూడు రోజులు మా తమ్ముడు ఉన్నాడో లేడో తెలియలేదు. అప్పుడు సెల్లు కొందరికే ఉండేది. ఇప్పుడు ఇంటింటికీ నాలుగున్నాయి. ఇంకా మీ రేడియో అవసరమేముందండీ? (ఒక గృహిణి, కర్నూలు)

అమ్మా, ఆ రోజులు కర్నూల్లో ఎవరూ మరిచిపోరు. అక్టోబరు 2 నాటికి తుంగభద్ర ఒకవైపు, హంద్రీ ఒకవైపు ఊళ్లోకి వచ్చేశాయి. కింద శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీళ్లొచ్చాయి. 885 అడుగుల పూర్తి మట్టం దాటి 896 అడుగులకు పోయింది. పైన మంత్రాలయం మునిగింది. మిద్దెల మీద ఉన్నవాళ్ల చేతుల్లో అప్పుడూ సెల్లులున్నాయమ్మా, చాలామందికే ఉన్నాయి. చార్జింగ్ లేదు, టవర్లకు కరెంటు లేదు.

ఇప్పుడు ఫోన్లు పెరిగినా టవరు నిలబడే పద్ధతి పెద్దగా మారలేదు. కరెంటు పోతే దాని బ్యాటరీ కొన్ని గంటలు, జనరేటరులో డీజిలున్నంత సేపు. నీళ్లు చుట్టుముడితే డీజిలు తీసుకుని ఎవరు వెళ్తారు? టవరు నిలబడినా దాన్ని కలిపే కేబులు ఏ వంతెన కింద తెగినా అంతే సంగతులు. పైగా అందరూ ఒకేసారి చేస్తే లైను దొరకదు. శాటిలైట్ ఫోను అంటారేమో, మన దేశంలో అది టెలికాం శాఖ అనుమతి లేకుండా వాడకూడదు, మామూలు మనిషి చేతికొచ్చేది కాదు.

ఫోను పనిచేసినంత సేపు ఫోనే వాడండి. హ్యామ్‌ల పని అది పోయిన ఆ ఒకటి రెండు రోజులదే. మీ తమ్ముడు క్షేమంగా ఉన్నాడన్న ఒక్క మాట మీకు మూడో రోజు కాకుండా మొదటి రోజే అందించడం. ఆ ఒక్క మాట విలువ మీకంటే బాగా ఇంకెవరికి తెలుస్తుంది?

ప్రశ్న: మాది చెయ్యేరు ఒడ్డున ఊరు. 2021లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు మా చుట్టుపక్కల ఊళ్లు కొట్టుకుపోయాయి. ఇప్పుడు మా ఊరి కుర్రాళ్లు ఆన్‌లైన్లో వాకీటాకీలు కొన్నారు. లైసెన్సు అక్కర్లేదన్నారట అమ్మినవాళ్లు. నిజమేనా? (ఒక రైతు, రాజంపేట దగ్గర)

అన్నా, నవంబరు 19 తెల్లవారుజామున పులపత్తూరు, తొగూరుపేట, మందపల్లి వైపు జరిగింది తలుచుకుంటే మీ కుర్రాళ్ల తపన నాకర్థమవుతుంది. పైన పించా కట్ట తెగి ఆ నీళ్లు అన్నమయ్య మీదికొచ్చాయి. అలాంటప్పుడు పై ఊరి నుంచి కింది ఊరికి ఒక్క పావుగంట ముందు మాట చేరినా మనుషులు గట్టెక్కుతారు. వాళ్లు ఆలోచించింది సరైనదే. కొన్న సెట్టు సరైనదో కాదో చూడాలి.

డబ్బా మీద ఫ్రీక్వెన్సీ చూడమనండి. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య మాత్రమే పనిచేసే చిన్న సెట్టయితే, 2018 నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. దూరం మాత్రం తక్కువ. ఊరి ఈ చివర నుంచి ఆ చివరికి, పొలం దాకా, అంతే. చెట్లు, ఇళ్లు అడ్డొస్తే ఇంకా తగ్గుతుంది. అట్లా కాకుండా ఏ ఫ్రీక్వెన్సీ కావాలంటే అది పెట్టుకునే సెట్టయితే, లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం. వాటిలో పోలీసు, రైల్వే, విమానాల ఫ్రీక్వెన్సీలు కూడా తగులుతాయి. తెలియక ఒక్కసారి బటన్ నొక్కితే, సాయం చేయాలనుకున్న కుర్రాడే కేసులో ఇరుక్కుంటాడు. ఇలాంటి సెట్లు లైసెన్సు గురించి చెప్పకుండా అమ్ముతున్నారని 2025లో కేంద్రం ఆన్‌లైన్ అమ్మకాలకు ప్రత్యేకంగా మార్గదర్శకాలు కూడా తెచ్చింది. "లైసెన్సు అక్కర్లేదు" అని అమ్మినవాళ్ల మాట నమ్మొద్దు.

నేనైతే ఇలా చేస్తాను. ఊళ్లో వాడకానికి ఆ 446 సెట్లు నాలుగు. చదువుకున్న ఇద్దరు పిల్లల చేత హ్యామ్ పరీక్ష రాయించడం. వాళ్ల చేతిలో 144 మెగాహెర్ట్జ్ హ్యాండీ, అంటే చేతిలో పట్టుకునే సెట్టు, ఎత్తయిన మిద్దె మీద ఒక మంచి యాంటెన్నా. మీ వైపు పాలకొండలు, శేషాచలం అడ్డముంటాయి కాబట్టి కడపకు ఆ బ్యాండులో నేరుగా అందకపోవచ్చు. ఏ గుట్ట మీద నిలబడితే ఎవరికి అందుతుందో ఎండాకాలంలోనే తిరిగి చూసి కాగితం మీద రాసిపెట్టుకోవాలి. కింది ఊళ్లలో ఎవరు వింటారో, ఏ టైముకు వింటారో కూడా ముందే మాట్లాడుకోవాలి. వినేవాళ్లు లేని సెట్టు ఎంత ఖరీదైనా దండగ.

ప్రశ్న: మా ఇంజినీరింగ్ కాలేజీలో హ్యామ్ క్లబ్బు పెట్టాం, ఆరుగురికి లైసెన్సులొచ్చాయి. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగినప్పుడు ఏమీ చేయలేకపోయామని పిల్లలు బాధపడుతున్నారు. బడ్జెట్ తక్కువ. మొదట ఏం కొనాలి? (ఒక లెక్చరర్, అనంతపురం)

మేడం, మీ ఉత్తరం చూసి నాకు హుషారొచ్చింది. మొదట తీగ కొనండి. నిజంగా చెప్తున్నా, సెట్టు తర్వాత.

చాలామంది ఖరీదైన సెట్టు కొని దానికి నాసిరకం యాంటెన్నా తగిలిస్తారు. 7 మెగాహెర్ట్జ్ బ్యాండుకు డైపోల్ అంటే రెండు పక్కలా పది పది మీటర్ల రాగితీగ, మధ్యలో కో-ఆక్సియల్ కేబులు. దాని లెక్క పిల్లలకు వచ్చే ఉంటుంది: 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. దాన్ని ఎంత ఎత్తున కడితే అంత మంచిదని పుస్తకాలు చెప్తాయి. అది అమెరికాతో మాట్లాడాలనుకునేవాళ్లకు. మీకు కావలసింది కర్నూలు, కడప, హైదరాబాదు, బెంగళూరు. అందుకని రెండు వెదురు గడలకు మూడు నాలుగు మీటర్ల ఎత్తులోనే కట్టండి. సిగ్నల్ నేరుగా పైకి వెళ్లి, పైనున్న అయనోస్ఫియరు అనే గాలి పొరకు తగిలి, గొడుగులా చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. కొండలడ్డం రావు, మధ్యలో సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే రిపీటరు ఏదీ అక్కర్లేదు. పగలు 7 మెగాహెర్ట్జ్, పొద్దుగుంకాక 3.5 బ్యాండు. కర్నూలు నుంచి హైదరాబాదుకు మేం మాట్లాడేది ఇట్లాగే. ఈ తీగ చుట్టచుట్టి బ్యాగులో వేసుకుంటే ఏ శిబిరానికైనా తీసుకెళ్లొచ్చు. కట్టేటప్పుడు కరెంటు తీగలకు దూరంగా ఉండేలా పిల్లల దగ్గర మీరే నిలబడండి. తడి రోజుల్లో తొందరపాటు ప్రాణం మీదికి తెస్తుంది.

తర్వాత బ్యాటరీ. 100 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 20 యాంపియర్ల దాకా లాగుతుంది, ఊరికే వింటే ఒక యాంపియరు. యూపీఎస్‌లో ఉండే చిన్న 7 యాంపియర్ అవర్ బ్యాటరీతో పూర్తి పవరు పెడితే ఎంతోసేపు రాదు. పవరు 10 వాట్లకు దించండి, మన దూరాలకు చాలాసార్లు అదే సరిపోతుంది. మన ఇళ్లలో ఇన్వర్టరు కింద ఉండే 150 యాంపియర్ అవర్ బ్యాటరీ ఉంటే రోజుల తరబడి నెట్టుకురావొచ్చు. ఒక జాగ్రత్త: ఇన్వర్టరు ఆపేసి, బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజుతో తీసుకోండి. ఇన్వర్టరు నడుస్తుంటే ఆ గుర్రుమనే చప్పుడులో సన్నని సిగ్నల్ ఏదీ వినిపించదు.

సెట్టు మూడోది. సెకండ్‌హ్యాండ్ అయినా ఫర్వాలేదు, లైసెన్సున్న హ్యామ్ దగ్గర కాగితాలతో తీసుకోండి. మిగిలిన డబ్బుతో కార్బన్ పేపరున్న మెసేజ్ ప్యాడ్లు, పెన్సిళ్లు, హెడ్‌ల్యాంపులు, గొడుగుగుడ్డ కొనండి. పెన్సిలెందుకంటే వానలో బాల్‌పెన్ను ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం.

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. అంతరిక్షంలో ఉన్న శుభాంశు శుక్లా గారితో పిల్లలు హ్యామ్ రేడియోలో మాట్లాడారని విన్నప్పటి నుంచి తనకూ అదే పట్టు. చదువు దెబ్బతింటుందేమో అని మావారి భయం. (ఒక తల్లి, కడప)

చదువు దెబ్బతినదమ్మా, ఫిజిక్సు నిలబడుతుంది. 2025 జులైలో బెంగళూరులో ఇస్రో ప్రాంగణం నుంచి పిల్లలు ఆయనతో మాట్లాడింది నిజమే. పాపకు 12 నిండాయి కాబట్టి ఇప్పుడే పరీక్షకు చదువుకోవచ్చు. ముందు లైసెన్సున్న పెద్దవాళ్ల ఇంటికి ఒక ఆదివారం మీరూ వెంట వెళ్లి కూర్చోండి. అంతరిక్ష కేంద్రం మన మీదుగా పోయేటప్పుడు 145.800 మెగాహెర్ట్జ్‌లో ఏమైనా వినిపిస్తే చాలు, ఆ తర్వాత పాపను మీరాపలేరు. మీవారిని కూడా తీసుకెళ్లండి.

ప్రశ్న: వరదొస్తే అధికారులు పిలిచేదాకా ఆగాలా? సెట్టు పట్టుకుని మేమే వెళ్లిపోతే తప్పేముంది? (ఒక కొత్త హ్యామ్, కర్నూలు)

ఆగాలి తమ్ముడూ. ఆగడమంటే ఇంట్లో పడుకోవడం కాదు, సెట్టు ఆన్ చేసి వింటూ ఉండడం. మన ప్రాంతానికి అత్యవసర సమయాల్లో అందరూ ముందు చూసేది 7.110 మెగాహెర్ట్జ్, ప్రపంచమంతా వినేది 14.300. ఎవరైనా నెట్, అంటే ఒకే ఫ్రీక్వెన్సీలో అందరినీ వరుసగా మాట్లాడించే ఏర్పాటు, నడుపుతుంటే కంట్రోల్ స్టేషను పిలిచేదాకా మధ్యలో దూరకూడదు. నీ దగ్గర ప్రాణాపాయం మెసేజుంటే మాత్రం నెట్‌ను బ్రేక్ చేసి చెప్పొచ్చు, దానికే అన్నిటికంటే ముందు దారి.

నియమాల సంగతి కూడా తెలుసుకో. మామూలు రోజుల్లో మూడో మనిషి మెసేజ్‌లు మనం మోయకూడదు. మామూలు కమ్యూనికేషన్లు దెబ్బతిన్నప్పుడు, వరద, తుఫాను, భూకంపం, పెద్ద అగ్నిప్రమాదం లాంటి వాటికి సంబంధించిన మెసేజ్‌లను కలెక్టరు స్థాయి అధికారుల తరఫున, వాళ్లకు చేరేలా పంపొచ్చు. అంటే మన పని ఆ వ్యవస్థ పక్కన నిలబడి చేసేది. పిలవకుండా పడవల దగ్గరికి వెళ్తే కాపాడవలసినవాళ్లలో నువ్వూ ఒకడివవుతావు.

అందుకే పిలిచేలా ముందే చేసుకోవాలి. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ కలెక్టరు అధ్యక్షతన విపత్తు నిర్వహణ సంస్థ ఉంటుంది. మీ ఊళ్లో ఉన్న హ్యామ్‌లందరి పేర్లు, కాల్‌సైన్‌లు, ఫోన్లు, ఎవరి దగ్గర ఏ బ్యాండు సెట్టుంది, బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది, ఎవరింటి మిద్దె నీళ్లకు అందదు, ఇవన్నీ ఒక్క పేజీలో రాసి కలెక్టరాఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. పక్కన లైసెన్సు కాపీలు జత చేయండి. అధికారులు బదిలీ అవుతుంటారు, కాబట్టి ప్రతి ఏడాదీ మే నెలలో మళ్లీ ఇవ్వండి. నేను జాబితా తయారుచేయడం మొదలుపెట్టాను, నీ పేరు, కాల్‌సైన్ ఈ పత్రిక అడ్రసుకు రాసి పంపు. జగన్నాథగట్టు మీద నుంచి హ్యాండీతో ఏ కాలనీ దాకా అందుతుందో చూడడానికి ఒక ఆదివారం పెట్టుకుంటున్నాం, నీ సెట్టూ, చార్జ్ చేసిన బ్యాటరీ, ఒక పెన్సిలు తెచ్చుకో.